రెండేళ్లు దాటిన స్మార్ట్ రింగ్: స్కోర్ కంటే గ్రాఫ్ మేలు

హైదరాబాద్‌లో ఉంటూ అమెరికా క్లయింట్లతో పనిచేస్తాను. కాల్స్ అయ్యేసరికి అర్ధరాత్రి దాటుతుంది. ఈ వేళలకు ఒంట్లో ఏం జరుగుతోందో చూద్దామని స్మార్ట్ రింగ్ కొన్నాను. రెండేళ్లు దాటినా ఇంకా వేలికే ఉంది.

యాప్ రోజూ ఇచ్చే నిద్ర స్కోర్‌ను నేను పట్టించుకోను. రింగ్ మెదడు తరంగాలను కొలవదు. గుండె వేగం, కదలిక, చర్మం వేడి చూసి గాఢనిద్ర ఎంతో అంచనా కడుతుంది, అంతే. తలకు ఎలక్ట్రోడ్లు పెట్టి చేసే స్లీప్ ల్యాబ్ పరీక్షకు అది సాటి రాదు.

నాకు నిజంగా పనికొచ్చింది రాత్రి గుండె వేగం గ్రాఫ్. ఎనిమిదింటికల్లా తినేస్తే పడుకున్న కాసేపటికే గీత కిందికి దిగుతుంది. కాల్స్ అయ్యాక బిర్యానీ తింటే తెల్లవారుజాము దాకా దిగదు, ఎందుకంటే అరుగుదల పని ఇంకా నడుస్తూనే ఉంటుంది. కాల్స్ మధ్యలోనే భోజనం కానిచ్చేయడం మొదలుపెట్టాక పొద్దుటి తలబరువు చాలావరకు తగ్గింది.

ఆడవాళ్లకు ఉష్ణోగ్రత గ్రాఫ్ ఇంకా విలువైనది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ వల్ల ఒంటి వేడి సుమారు 0.3 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ పెరిగి, నెలసరి దగ్గరపడ్డాక తగ్గుతుంది. నా గ్రాఫ్‌లో ఆ మెట్టు స్పష్టంగా కనిపిస్తుంది. అలాగని గర్భం రాకుండా ఉండటానికి దీన్నే నమ్ముకోవద్దు. మే నెలలో కరెంటు పోయి ఏసీ ఆగినా ఆ గీత పైకి లేస్తుంది మరి!

యాప్ ‘మీ బాడీ క్లాక్’ అని, అంటే నిద్ర, మెలకువల వేళలను నడిపే ఒంటి గడియారం అని చూపించేది కూడా అంచనాయే. కణాల్లోని ఆ గడియారం ఎలా నడుస్తుందో ఈగల్లో కనిపెట్టినందుకు 2017లో శాస్త్రవేత్తలు హాల్, రాస్‌బాష్, యంగ్‌లకు నోబెల్ వచ్చింది. మనిషిలో దాని సమయం సరిగ్గా తెలియాలంటే మసక వెలుతురులో కూర్చోబెట్టి లాలాజలంలో మెలటోనిన్ (రాత్రయిందని ఒంటికి చెప్పే హార్మోన్) ఎప్పుడు పెరుగుతుందో చూడాలి. ఆ పని రింగ్ చేయలేదు. గడియారాన్ని సరిదిద్దేది ముఖ్యంగా వెలుతురే కాబట్టి లేవగానే డాబా మీదికి వెళ్తాను.

బ్యాటరీ మొదట్లో ఉన్నంతసేపు ఇప్పుడు రావడం లేదు. యాప్‌కు నెలనెలా కట్టే చందా భారమే. కొనేవాళ్లు చందా లేని మోడల్స్ కూడా చూడండి. బీపీకో గుండెకో బీటా బ్లాకర్లు వాడుతుంటే గుండె వేగం మందు వల్లే తగ్గుతుంది, అందుకే ఆ గ్రాఫ్‌ను డాక్టర్‌కు చూపించి అడగండి.