తెర వెనుక మనుషులు: ఒక విశ్వవిద్యాలయ టెలిమెడిసిన్ సేవతో నాలుగేళ్ళు

మాది ఏటూరునాగారం దగ్గరి పల్లె. మా అమ్మకు షుగర్ వచ్చి పదహారేళ్ళయింది, బీపీ ఆ తర్వాత తోడైంది. హనుమకొండలో పెద్ద డాక్టరుకు చూపించాలంటే దాదాపు వంద కిలోమీటర్ల బస్సు ప్రయాణం, అక్కడ పూటంతా ఎదురుచూపు, ఇల్లు చేరేసరికి రాత్రి. 2021 చివరి నుంచి ఒక విశ్వవిద్యాలయ వైద్య కళాశాల నడిపే టెలిమెడిసిన్ సేవ ద్వారా ఊరి దవాఖానలోనే కూర్చొని నిపుణులతో మాట్లాడుతుండడం వల్ల ఆ తిరుగుడు చాలావరకు తప్పింది. ఇన్నాళ్ళ వాడకంలో నేను గమనించిందేమిటంటే, తెర మీద కనిపించే డాక్టరు ఎంతటివారైనా ఈ సేవ ఆధారపడేది ఇద్దరి మీద: విశ్వవిద్యాలయంలో రోగుల వరుసను, పాత కాగితాలను చూసే కోఆర్డినేటరు, ఇక్కడ అమ్మ పక్కన నిలబడే నర్సు.

మొదటి కోఆర్డినేటరు ఎలాంటిదో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. రెండో ఏడు అమ్మ ఎడమ అరికాలిలో పుండు పడింది. నొప్పి లేదు కనుక ముల్లు గుచ్చుకుందేమో అనుకొని ఆమె మాకెవరికీ చెప్పలేదు. నెలవారీ సంప్రదింపులో డాక్టరు ఇంకా తెర మీదకు రాకముందే, మాటల మధ్య అమ్మ "కాళ్ళల్ల చీమలు పాకినట్టయితాంది బిడ్డా" అన్నది. ఆ అమ్మాయి వెంటనే చెప్పులు విప్పించి, పుండు పక్కన స్కేలు పెట్టి, కిటికీ వెలుతురులో ఫొటో తీసి పంపమని నర్సుకు చెప్పింది. తర్వాత డాక్టరు సూచన మేరకు నర్సు పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగును అరికాలికి తాకిస్తూ, కళ్ళు మూసుకున్న అమ్మను ఎక్కడెక్కడ తెలుస్తోందో అడిగింది. నాలుగు చోట్ల తెలియలేదు. పుండు లోతు వీడియోలో తేలదనీ, రెండు రోజుల్లో స్వయంగా తీసుకురావాలనీ డాక్టరు చెప్పారు. తమకు చేతకానిది ఫోనులో సాగదీయకుండా చెప్పడం నాకు నచ్చింది. మేము వెళ్ళేసరికి ఓపీలో అమ్మ పేరు, ఆ ఫొటో సిద్ధంగా ఉన్నాయి.

2022 జూలైలో గోదావరి వరద మా వైపు దారులు మూసినప్పుడు కూడా, నెలాఖరుకు మందులు అయిపోయేవాళ్ళెవరో ఆమె ముందే లెక్క చూసి నర్సుకు ఫోన్ చేసింది. అమ్మకు షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఒక్కరోజు కూడా తప్పలేదు.

ఒకసారి మాత్రం వాళ్ళ మీద కోపం వచ్చింది. నిద్ర పట్టడం లేదని అమ్మ అంటే, అంతకు ముందు వేసుకున్న ఆల్‌ప్రజోలామ్ రాయమని అడిగాను, డాక్టరు రాయనన్నారు. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు అలాంటి మత్తు మందులను దూరం నుంచి రాయడాన్ని నిషేధించాయని తర్వాత కోఆర్డినేటరే ఓపికగా వివరించింది. ఆ మార్గదర్శకాల్లో డాక్టరును ఆర్‌ఎంపీ అంటారు, అంటే నమోదైన వైద్యుడు. మా ఊళ్ళలో ఆర్‌ఎంపీ అంటే ఎవరో అందరికీ తెలుసు కనుక ఆ మాట విని అమ్మ చాలాసేపు నవ్వింది.

ఇక ఫిర్యాదులు. ఆ అమ్మాయిది ఒప్పంద ఉద్యోగం, 2024లో వెళ్ళిపోయింది. ఆమె స్థానంలో వచ్చిన వ్యక్తి కొన్ని నెలలపాటు ఎవరికీ ఫోన్ చేయలేదు, మేమూ అశ్రద్ధ చేశాం. అదే జబ్బుకైనా ఆరు నెలలు దాటితే నిబంధనల ప్రకారం మొదటి సంప్రదింపుగానే లెక్క కనుక, అన్నీ మళ్ళీ మొదటి నుంచి చెప్పుకోవలసి వచ్చింది. ఆ తేదీలను గుర్తుంచుకోవడం కూడా ఒక పని అని, అది చేసే మనిషి పోయాకే మాకు తెలిసింది. పీజీ డాక్టర్లు తరచుగా మారుతుండడంతో "షుగర్ ఎన్నేళ్ళ నుంచి?" అనే ప్రశ్నకు అమ్మ ఇప్పటికి ఇరవైసార్లయినా జవాబిచ్చి ఉంటుంది. పదకొండుకని చెప్పిన వరుస ఒంటిగంటన్నరకు రావడం అంతకన్నా ప్రమాదం. షుగర్ తగ్గించే గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకున్న మనిషికి భోజనం ఆలస్యమైతే షుగర్ మరీ పడిపోవచ్చు. ఒకరోజు అమ్మకు చెమటలు పట్టి చేతులు వణికాయి, నర్సు తన డబ్బాలోని చక్కెర తినిపించింది. దీని గురించి రాతపూర్వకంగా తెలియజేశాక షుగర్ రోగులను ముందు వరుసలో పెట్టారు, కానీ డాక్టరు ఆలస్యంగా వచ్చే రోజుల్లో ఆ మార్పు వల్ల ఒరిగేదేమీ ఉండదు.

ప్రస్తుతం చూస్తున్న కోఆర్డినేటరు మళ్ళీ పద్ధతి తెలిసిన మనిషి. పాత మందుల చీటీలు తేదీల వారీగా పేర్చి, డాక్టరు రాకముందే తెర మీద పెడతాడు. ఆయన ఒప్పందం వచ్చే మార్చికి ముగుస్తుందట. అందుకని చీటీల నకళ్ళు, పుండు ఫొటోలు, ఆరు నెలల గడువు తేదీలు రాసిన ఒక నోటుబుక్కు ఇప్పుడు మా ఇంట్లో కూడా ఉంచుతున్నాను.