వైజాగ్‌లో బార్బెక్యూ కర్రలు కొనేవాళ్లకు హెచ్చరిక: "మామిడి స్మోకింగ్ వుడ్" బస్తా కుమ్మరించి చూడందే డబ్బులివ్వకండి

ఫోన్‌లో ఆర్డర్ తీసుకుని ఇంటికే తెచ్చిస్తున్న 20 కిలోల "మామిడి స్మోకింగ్ వుడ్" బస్తాల గురించి ఈ హెచ్చరిక. స్మోకింగ్ వుడ్ అంటే మాంసానికి, చేపకు పొగ పట్టించే కర్ర. అమ్మేవాళ్ల పేరుతో పని లేదు, ఇదే సరుకు రేపు ఇంకో పేరుతో వస్తుంది. బస్తా మూతి దగ్గర నాలుగు మంచి మామిడి చెక్కలుంటాయి. వాటి కింద పచ్చి కర్ర, అడుగున సామిల్లు ముక్కలు, వాటిలో కలిసిపోయి ప్యాకింగ్ పెట్టెల చెక్కలు. అమెరికాలో హికరీ, మెస్కీట్ కర్రలతో మాంసానికి పొగ పెట్టడం అలవాటై తిరిగొచ్చినవాళ్లు, ఉద్యోగం మీద ఇక్కడుంటున్న విదేశీయులు దీనికి తేలిగ్గా దొరికిపోతున్నారు. వాళ్లకు ఇక్కడి చెట్లు తెలియవు, అడితికి వెళ్లి కర్ర ఏరుకునే తీరికా ఉండదు.

ముందు నీళ్ల సంగతి. కర్రలో తేమను ఎండు కర్ర బరువు మీద లెక్క కడతారు. పొగ పెట్టడానికి 15 నుంచి 20 శాతం ఉంటే బాగుంటుంది. 50 శాతం తేమ ఉన్న 20 కిలోల బస్తాలో సుమారు 6.7 కిలోలు నీళ్లే. అదే కర్ర 15 శాతానికి ఆరితే 15.3 కిలోలే తూగుతుంది. అంటే మిగిలిన 4.7 కిలోలకూ కర్ర రేటే ఇచ్చి నీళ్లు కొన్నట్టు. డబ్బుతో పోతే పరవాలేదు, వంట కూడా పోతుంది. నీరు ఆవిరైపోయేదాకా కర్ర సరిగ్గా వేడెక్కదు, మంట చల్లబడి తెల్లటి దట్టమైన పొగ కక్కుతుంది. ఆ పొగలోని తారు మాంసం మీద పేరుకుని జిగురుగా, నల్లగా అంటుకుంటుంది, నాలుకకు చేదు, మొద్దుబారినట్టు ఉంటుంది. వంజరం ముక్కలకైతే కోడి కంటే ముందే పట్టేస్తుంది. కావాల్సింది కంటికి ఆనీ ఆననట్టుండే పలచటి నీలి పొగ.

అమ్మేవాళ్లు తేమ మీటరు తెచ్చి చూపిస్తారు, నమ్మొద్దు. సూదుల్ని కోసిన చివర గుచ్చుతారు, అక్కడ ఎప్పుడూ ముందే ఆరుతుంది. ముక్కను నిలువునా చీల్చమని, లోపలి కొత్త ముఖం మీద గుచ్చమని అడగండి. మీటరు లేకపోతే ఓవెన్ చాలు: చీల్చిన సన్న పేళ్లు 100 గ్రాములు తూచి 105 డిగ్రీల్లో పెట్టి, బరువు తగ్గడం ఆగేదాకా గంటకోసారి తూచండి. 87 గ్రాముల దగ్గర ఆగితే తేమ 15 శాతం, మంచి సరుకు. 67 దగ్గర ఆగితే 49 శాతం, వెనక్కి పంపండి. "ఇదిగో, ఎలా అంటుకుందో చూడండి సార్" అని గేటు దగ్గర అగ్గిపుల్ల గీసి చూపిస్తే అది సరుగుడు అయి ఉండొచ్చు. సరుగుడు పచ్చిగా ఉన్నా మండుతుంది. దాని మంట చూసి బస్తా అంతా ఎండిందనుకోవద్దు.

రెండోది కలిపే కర్ర. ఉత్తరాంధ్రలో జీడితోటలకు కొదవ లేదు, తీసేసిన ముసలి చెట్ల కర్ర చవక. అది మామిడి పేరుతో వస్తోంది. కొన్ని బస్తాల్లో నిప్పు రాజేయడానికంటూ జీడిపిక్కల పెంకులు కూడా పడేస్తున్నారు. ఆ పెంకులో ఉండే నూనె చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది, దాని పొగ కళ్లనీ గొంతునీ మండిస్తుంది. ఆ పెంకులు బట్టీలకు, బాయిలర్లకే సరి, తినే పదార్థం దగ్గరకు రానివ్వకూడదు. మామిడి, జీడి ఒకే కుటుంబం చెట్లు. అందుకే మామిడి అయినా బాగా ఎండి, బెరడు, సొన కారిన మచ్చలు చెక్కేశాకే వాడాలి. సొన పడనివాళ్లు చేతులకు తొడుగులు వేసుకోండి. చీల్చినప్పుడు కర్పూరం లాంటి ఘాటు వస్తే అది నీలగిరి, వంటకు పనికిరాదు. వేప కూడా అంతే, చేదు పొగ. గన్నేరు, పచ్చగన్నేరు, ముష్టి అయితే విషం. పేరు తెలియని కర్రని పొయ్యిలో పెట్టకపోవడమే మేలు.

అన్నిటికంటే ప్రమాదం అడుగున ఉండే చెక్కలు. మనది పోర్టు ఊరు. ఓడల్లో సరుకు కదలకుండా ఒత్తుగా పెట్టే దుంగలు, కంటైనర్లలో వచ్చిన ప్యాలెట్లు (సరుకు పేర్చే చెక్క పీటలు) ముక్కలై ఎక్కడికో ఒకచోటికి చేరాలి కదా. అంతర్జాతీయ రవాణాలో వాడే చెక్క ప్యాకింగ్‌కు 2002లో ఒక ప్రమాణం పెట్టారు. దాని ప్రకారం చెక్క మీద గోధుమ కంకి బొమ్మ, రెండక్షరాల దేశం కోడ్, పక్కన శుద్ధి చేసిన పద్ధతి ముద్రిస్తారు. హెచ్.టి. అంటే కర్ర నడిమధ్య దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు పట్టించారని. ఎం.బి. అంటే మిథైల్ బ్రోమైడ్ వాయువు పట్టించారని. ఎం.బి. ఉన్నది ముట్టుకోకండి. హెచ్.టి. ఉంది కాబట్టి మంచిదే అని కొందరు వాదిస్తారు. ఆ ముద్ర పురుగుల్ని చంపిన సంగతే చెబుతుంది, ఆ ప్యాలెట్ మీద ఎరువు పడిందో యాసిడ్ ఒలికిందో చెప్పదు. ముక్కలు చేసేటప్పుడు ముద్ర ఉన్న వైపును తీసేస్తారు కూడా. సన్నటి రంపపు పళ్ల గీతలు, మేకు దిగిన చుట్టూ నల్లటి తుప్పు మచ్చ, అన్నీ ఒకే మందం: ఈ మూడూ కనిపిస్తే అది చెట్టు నుంచి నేరుగా రాలేదు.

సామిల్లు మామిడి ముక్కల మీద కూడా చాలామందికి తెలియని చిక్కు ఉంది. మామిడి పలకలకు పొడి పురుగు త్వరగా పడుతుంది. అందుకని కోసిన పలకల్ని బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్లలో ముంచుతారు, కొన్నిచోట్ల పురుగుమందు కూడా కలుపుతారు. ఎండాక చూస్తే ఏమీ తెలియదు. కాబట్టి పలక ముక్క వద్దు, బెరడు ఉన్న కొమ్మనో దుంగనో అడగండి. ఆకుపచ్చ ఛాయ ఉన్న స్తంభం ముక్కల్లో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ మందు ఉండొచ్చు. అది కాలిస్తే ఆర్సెనిక్ బూడిదలో మిగులుతుంది. ప్లైవుడ్‌లో ఫార్మాల్డిహైడ్ జిగురు. ఫిషింగ్ హార్బర్ వైపు నుంచి వచ్చే పాత పడవ చెక్కలకు రంగులు, పైగా ఉప్పు. ఏదీ పొగకు పనికిరాదు.

హికరీ అని ముద్ర వేసిన ప్యాకెట్ల సంగతి చిన్నది: హికరీ ఉత్తర అమెరికా చెట్టు. "లోకల్ హికరీ" అని ఎవరైనా అంటే ఇంకేం అడగకుండా ఫోన్ పెట్టేయండి. బొగ్గుల బస్తా కొంటే రాక్షసి బొగ్గు కలిసిందేమో చూసుకోండి. కర్ర బొగ్గు తేలిక, విరిస్తే గలగలమంటుంది, నార కనిపిస్తుంది. రాక్షసి బొగ్గు బరువు, మెరుస్తుంది, కాలితే గంధకం వాసన.

మరి ఏం కొనాలి? నిప్పుకు సరుగుడు, చింత, నల్లతుమ్మ. గట్టి కర్రలు, వేడి ఎక్కువసేపు నిలుస్తుంది. పొగకు జామ అన్నిటికంటే నమ్మకం. రాగి, ఆకుపచ్చ కలిసిన నున్నటి బెరడు పొరలు పొరలుగా ఊడుతుంది కాబట్టి మోసం చేయడం కష్టం. తోటల్లో కొమ్మలు కత్తిరించేటప్పుడు మాట్లాడుకుంటే నేరుగా దొరుకుతుంది. జానెడు ముక్కలుగా కోసి, చీల్చి, నేలకు ఆనకుండా రేకుల కింద గాలి ఆడేలా పేర్చి ఐదారు నెలలు ఉంచండి. సంక్రాంతి తర్వాత మొదలుపెడితే వానల్లోపు ఆరుతుంది. సముద్రపు గాలి తగిలే బాల్కనీలో ప్లాస్టిక్ సంచిలో కట్టిపెడితే మాత్రం బూజు ఖాయం. రెండు కిలోల కోడికి పిడికెడంత ముక్కలు రెండు మూడు చాలు, పొగ పెట్టే పొయ్యి లోపలి వేడి 110 నుంచి 130 డిగ్రీలు. ముక్కల్ని నీళ్లలో నానబెట్టమనే సలహా పట్టించుకోకండి. నీరు పైపైనే పడుతుంది, అది ఆవిరయ్యేదాకా పొగ ఆలస్యం, అంతే.

ఇప్పటికే కొని ఇరుక్కున్నవాళ్లు బస్తా మొత్తం నేల మీద పరిచి ఫొటోలు తీయండి. కాటా మీద బరువు, చీల్చిన ముక్క మీద మీటరు అంకె కూడా కనిపించాలి. ప్యాక్ చేసి అమ్మే బస్తా మీద నికర బరువు, ప్యాక్ చేసినవాళ్ల పేరు, చిరునామా, నెల, సంవత్సరం, గరిష్ఠ ధర ఉండాలని 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలు చెబుతున్నాయి. ఇవి లేని సంచి ఫొటో మీ ఫిర్యాదుకు బలం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చేయండి. పచ్చిదైనా అసలైన మామిడే అయితే పారేయనక్కర్లేదు, చీల్చి ఆరబెట్టుకోండి. ప్యాలెట్, ప్లైవుడ్, ఆకుపచ్చ ముక్కలు మాత్రం ఏరి పక్కన పెట్టండి. వాటిని నీళ్లు కాచుకునే పొయ్యిలో కూడా వేయొద్దు, ఒకవేళ వేసేసి ఉంటే ఆ బూడిద కరివేపాకు మొక్క మొదట్లో పోయకండి.