దవడ గడ్డ: గీకి తీయించాలా, ఎముకతో కోయించాలా?

మా బావమరిది ఎడమ దవడ నొప్పి లేకుండానే ఏడాదిపాటు ఉబ్బుతూ వచ్చింది. పంటి చీము అనుకుని మాత్రలు వాడాడు. కడప ప్రభుత్వ దంత వైద్య కళాశాలలో ఎక్స్‌రే తీస్తే దవడ ఎముక సబ్బు నురగలా బుడగలు బుడగలుగా కనిపించింది. ముక్క తీసి పరీక్షిస్తే అమెలోబ్లాస్టోమా అని తేలింది. పంటి పింగాణీని తయారుచేసే కణాల సంతతి అది. క్యాన్సర్ కాదన్నారు. ఆ ఒక్క మాటే మమ్మల్ని దారి తప్పించబోయింది.

“పెళ్లి కావలసిన పిల్లవాడు. క్యాన్సర్ కానప్పుడు దవడ ఎందుకు కోయించాలి? గీకేస్తే చాలదా?” అన్నారు మా అత్తగారు.

గీకడంలో సుఖం ఉంది: చిన్న ఆపరేషన్, ముఖం మారదు. కానీ ఈ గడ్డ గరిక లాంటిది. ఎక్స్‌రేలో అంచు కనిపించిన చోట ఆగదు, ఎముక సందుల్లోకి వేళ్లు పంపుతుంది. పైపైన చెక్కితే మళ్లీ మొలుస్తుంది. మామూలు రకంలో గీకించుకున్నవారిలో సగానికి మించి తిరగబెట్టినట్టు చెప్పే అధ్యయనాలున్నాయి. చుట్టూ 1 నుంచి 2 సెంటీమీటర్ల మంచి ఎముకతో సహా కోస్తే ఆ బెడద చాలా తగ్గుతుంది.

ఒకే తిత్తిగా పెరిగే రకమైతే లెక్క వేరు. అది ఎక్కువగా చిన్న వయసులో వస్తుంది. గడ్డ తిత్తి గోడలోకి చొరబడకపోతే గీకించడమే సబబు. అందుకే ముక్క పరీక్ష రిపోర్టులో ఏ రకమో చదవకుండా ఏ ఆపరేషన్‌కూ తల ఊపకూడదని నా పట్టుదల. మావాడిది మామూలు రకం.

కోయించడం చౌక బేరం కాదు. మోకాలి కింది రెండు ఎముకల్లో సన్నదాన్ని రక్తనాళాలతో సహా తీసి, దవడ ఆకారానికి మలిచి, ఆ నాళాలను మెడలోని నాళాలకు మైక్రోస్కోపు కింద కుట్టారు. పగలంతా పట్టింది. బరువు మోసేది పెద్ద ఎముక కనుక నడకకు ఢోకా లేదు. ఖాళీని ఉత్త లోహపు పట్టీతో సరిపెట్టే పద్ధతీ ఉంది గానీ, ఏళ్ల తరబడి నమలడానికి అది విరగవచ్చు, చర్మం చీల్చుకుని బయటపడవచ్చు.

మాకు ఎవరూ గట్టిగా చెప్పనిది ఇంకొకటి: దవడలో నడిచే నరం కూడా ఎముకతోపాటే పోతుంది. గడ్డం గీసుకుంటూ కింది పెదవి ఎడమవైపు తెగినా, అద్దంలో రక్తం చూస్తే గానీ మావాడికి తెలియడం లేదు. పదేళ్ల తర్వాత తిరగబెట్టినవీ ఉన్నాయి కనుక ఏటా ఎక్స్‌రే తప్పదు. కట్టుడు పళ్ల సంగతి ఇంకా మొదలే పెట్టలేదు.