గ్రానైట్ షెడ్డులో ఎన్ఎఫ్ఎస్: ఏళ్లపాటు వాడాక హార్డ్ మౌంట్ గురించి

మాది చీమకుర్తిలో బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ పాలిష్ చేసే యూనిట్. పాలిషైన ప్రతి స్లాబుకీ ఫొటో తీసి ఆఫీసు సర్వర్లో వేస్తాం, కొనేవాళ్లు అది చూసే బేరం మాట్లాడతారు. షెడ్డులోని లినక్స్ కంప్యూటర్లు ఆ ఫోల్డర్‌ని ఎన్ఎఫ్ఎస్ (సర్వర్లోని ఫోల్డర్‌ని నెట్‌వర్క్ మీదుగా సొంత ఫోల్డర్‌లా వాడుకునే పద్ధతి) మీద వాడతాయి. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు నెట్‌వర్క్ స్విచ్ పడిపోవడం మాకు మామూలే. ఇలాంటి చోట ఏళ్లుగా వాడి చెప్తున్నా: ఫైళ్లు రాసే కంప్యూటర్లలో మౌంట్ (ఆ ఫోల్డర్‌ని కలుపుకునే తీరు) హార్డ్‌గానే, అంటే సర్వర్ అందకపోయినా వదలకుండా అడిగేలా ఉండాలి, టైమియో (జవాబు కోసం ఆగే గడువు) జోలికి పోకూడదు.

మొదట సర్వర్ పెట్టినవాళ్లు సాఫ్ట్ అని పెట్టి, టైమియో 30 ఇచ్చి వెళ్లారు. చూడ్డానికి అర నిమిషంలా ఉంటుంది. కానీ ఆ లెక్క సెకనులో పదో వంతుల్లో, అంటే 3 సెకన్లే. స్విచ్ పడి లేచేలోపు సాఫ్ట్ మౌంట్ ప్రయత్నాలు అయిపోయి, ప్రోగ్రామ్ చేతికి ఎర్రర్ ఇచ్చి తప్పుకుంటుంది. మా ఫొటో ప్రోగ్రామ్ ఆ ఎర్రర్‌ని పట్టించుకునేది కాదు. పై సగం రాయి, కింది సగం బూడిదరంగు. అలాంటి ఫొటోలు కొనేవాళ్ల దాకా వెళ్లాక గానీ ఎవరికీ తెలియలేదు.

హార్డ్ అయితే సర్వర్ పలికేదాకా అడుగుతూనే ఉంటుంది. టీసీపీ (డేటా చేరిందో లేదో చూసుకుంటూ పంపే నెట్‌వర్క్ పద్ధతి) మీద టైమియో డిఫాల్ట్ 600, అంటే 60 సెకన్లు. జవాబు రాకపోతే ఒక్కో ప్రయత్నానికీ ఇంకో 60 సెకన్లు కలుపుతూ గరిష్ఠంగా 600 సెకన్ల దాకా పోతుంది. టీసీపీలో దారిలో పోయిన ప్యాకెట్లను టీసీపీయే మళ్లీ పంపుకుంటుంది కాబట్టి మనం టైమియో తగ్గిస్తే లాభమేమీ లేదు. డిస్కు నెమ్మదించి ఆయాసపడుతున్న సర్వర్ మీద అడిగిందే అడిగి ఇంకా బరువు వేసినట్టవుతుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. సర్వర్ అందనప్పుడు ప్రోగ్రామ్ బిగుసుకుపోతుంది, డిస్కులో ఖాళీ ఎంతో చూపే డీఎఫ్ కమాండ్ కొడితే అదీ అక్కడే ఆగుతుంది. కెర్నల్ (లినక్స్ గుండెకాయ లాంటి భాగం) లాగ్‌లో సర్వర్ స్పందించడం లేదు, ఇంకా ప్రయత్నిస్తున్నాం అన్న లైను కనిపిస్తే కంగారు పడి రీబూట్ చేయొద్దు. చేస్తే సర్వర్‌కి ఇంకా చేరనిది పోతుంది, వేచి ఉంటే రాత పూర్తవుతుంది. ఎక్కువసేపు ఆగితే ప్రయత్నాల మధ్య ఎడం పెరిగి ఉంటుంది, అందుకని లింకు వచ్చిన వెంటనే కదలకపోవచ్చు. మా కుర్రాళ్లకి ఈ ఓపిక నేర్పడానికే నాకు ఎక్కువ కాలం పట్టింది. మరీ తప్పనప్పుడు ప్రోగ్రామ్‌ని బలవంతంగా ఆపే కిల్ మైనస్ తొమ్మిది కమాండ్ పనిచేస్తుంది. పాత గైడ్లలో కనిపించే ఇంటర్ (బిగుసుకున్న ప్రోగ్రామ్‌ని మధ్యలో ఆపనిచ్చే) ఆప్షన్‌ని 2.6.25 కెర్నల్ నుంచీ లినక్స్ పట్టించుకోవడమే లేదు.

పొద్దున్నే సర్వర్ కంటే ముందు షెడ్డు కంప్యూటర్లు లేస్తే బూట్ ఆగకుండా నోఫెయిల్ (మౌంట్ కాకపోయినా బూట్ సాగనిచ్చేది), సిస్టమ్‌డీ ఆటోమౌంట్ (ఫోల్డర్ వాడినప్పుడే మౌంట్ చేసేది) పెట్టాను. ఆ గొడవ పోయింది.

సాఫ్ట్‌ని ఒక్కచోటే ఉంచాను, రిసెప్షన్‌లో స్లాబుల ఫొటోలు తిప్పే టీవీకి. అక్కడ మౌంట్ చదవడానికి మాత్రమే, రాసేది లేదు కాబట్టి చెడేదీ లేదు. ఒక ఫొటో అందకపోతే తర్వాతిదానికి పోతుంది.