కొండవీడు: కారు కింద వదిలేసి ఎక్కండి

గుంటూరు వచ్చిన చుట్టాలు చూడటానికి ఏమున్నాయంటే అందరం ఉండవల్లి గుహలో, మంగళగిరి పానకాల స్వామో అంటాం. నడక ఇష్టమైనవాళ్లకైతే నేను కొండవీడే చెబుతాను. ఊరికి పాతిక కిలోమీటర్లు. అరకు లాంటి చల్లదనం ఆశించకండి, అంత ఎత్తేమీ కాదు. చుట్టూ మైదానం కాబట్టి, ఆ కాస్త ఎత్తుకే చూపు ఎంత దూరమైనా పోతుంది.

ఘాట్ రోడ్డు పడ్డాక చాలామంది పైదాకా కారులోనే వెళ్లి, నాలుగు సెల్ఫీలు దిగి వచ్చేస్తున్నారు. పెద్దవాళ్లు వెంట ఉంటే అదే నయం. మోకాళ్లు సహకరించేవాళ్లు మాత్రం నడవాలి. కారు అద్దంలోంచి కోటగోడ పట్టుమని పది సెకన్లు కనబడదు. నడిస్తే రాతికీ రాతికీ మధ్య సందులోంచి మొలిచిన సీతాఫలం మొక్క కూడా కనిపిస్తుంది.

పైన ముత్యాలమ్మ చెరువు, పుట్టలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు ఉన్నాయి. కొండ మీద ఇంత నీళ్లేమిటా అనిపిస్తుంది కానీ, వాన నీళ్లు పట్టి ఉంచుకోకపోతే రెడ్డిరాజులకు ఇది రాజధాని అయ్యేదే కాదు. పెదకోమటి వేమారెడ్డి దగ్గర శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్నది ఇక్కడే. 1515లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న దుర్గమూ ఇదే. ఇవన్నీ తెలుసుకుని వెళ్తే బురుజులు వట్టి రాళ్లగుట్టల్లా అనిపించవు.

నా ఓటు ఫిబ్రవరికి. అప్పుడు కింద కల్లాల్లో మిరపకాయలు ఎండుతుంటాయి. పైనుంచి చూస్తే పొలాల మధ్య అక్కడక్కడా ఎర్ర దుప్పట్లు పరిచినట్టే. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం వద్దు, గుంటూరు ఎండతో పరాచికాలా!

బసకు గుంటూరే మేలు. విజయవాడలో దిగితే వారధి దాటి వచ్చేసరికే పొద్దెక్కుతుంది. బస్టాండ్ దగ్గరి లాడ్జీలు చవకే కానీ హారన్ల గోల. నాలుగు డబ్బులు ఎక్కువైనా బ్రాడీపేట వైపు చూసుకోండి, పొద్దున్నే టిఫిన్‌కూ ఇబ్బంది ఉండదు. చిలకలూరిపేట బస్సెక్కి బోయపాలెంలో దిగితే అక్కణ్నుంచి ఆటో. తిరుగు ప్రయాణానికీ అప్పుడే మాట్లాడుకోవాలి. మమ్మల్ని దించిన ఆటో అబ్బాయి వెయిటింగ్ అంటూ చివర్లో రెట్టింపు అడిగాడు. మంచినీళ్లు మనిషికి రెండు లీటర్లు కిందే కొనుక్కోండి. పైన దొరుకుతాయిలే అనుకోవద్దు.