డబ్బా వెనుకవైపు చదవకుండా ఇంజిన్ ఆయిల్ పోయించుకోకండి

డీజిల్ కారు ఉన్నవారు, ముఖ్యంగా 2020 ఏప్రిల్ తరువాత వచ్చిన బీఎస్6 (కొత్త కాలుష్య నియమాల) బండి ఉన్నవారు, బయట ఆయిల్ మార్పించుకునే ముందు దయచేసి ఇది చదవండి. నిన్న సాయంత్రం విజయవాడ ఆటోనగర్‌లో నా కారుకు పనికిరాని ఆయిల్ పోశారు. ఈ రోజు మధ్యాహ్నం దాన్ని మొత్తం తీయించి, మళ్ళీ కొత్తది పోయించుకుని ఇంటికి వచ్చాను. మొదటిసారి 4,650 రూపాయలు, రెండోసారి 6,300 రూపాయలు అయ్యాయి. ఆ డబ్బు సంగతి అలా ఉంచితే, దుకాణంలో పడిన మాట ఇంకా చెవిలోనే ఉంది.

వారంటీ అయిపోయింది, రోజూ గుంటూరు నుంచి విజయవాడకు తిరిగే ఉద్యోగం, సర్వీస్ సెంటర్‌లో ఒక రోజంతా బండి వదలాలంటే సెలవు పెట్టాలి. అందుకని మా ఆఫీసులో ఇద్దరు చెప్పిన దుకాణానికి వెళ్ళాను. ఆటోనగర్‌లో ఆయిల్ మార్పించుకునేవారిలో చాలామందికి ఆ దుకాణం తెలిసే ఉంటుంది. పేరు ఇక్కడ రాయడం లేదు.

నేను ఏమీ తెలుసుకోకుండా వెళ్ళలేదు. మూడు రోజుల ముందే కారు మాన్యువల్‌లో ఆయిల్ గురించి ఉన్న పేజీని ఫోటో తీసి ఆ దుకాణదారుకు వాట్సాప్‌లో పంపాను. అందులో 5డబ్ల్యూ-30 అని ఆయిల్ చిక్కదనం గ్రేడు, దాని పక్కనే ఏసీఈఏ (యూరప్ కార్ల తయారీదారుల సంఘం) ప్రమాణం సీ2 లేదా సీ3 అని స్పష్టంగా ఉంది. "సీ3 ఉందాండీ?" అని అడిగితే "ఉంది మేడం, వచ్చేయండి" అని ఆయన గొంతుతోనే సందేశం పెట్టారు. ఆ మాట నమ్మే వెళ్ళాను.

వెళ్ళగానే ఎండగా ఉంది లోపల కూర్చోండి అన్నారు, మజ్జిగ తెప్పించారు. నేను కూర్చున్నాను. అక్కడే తప్పు చేశాను. బయట నిలబడి, మూత తీయకముందే డబ్బా చేతిలోకి తీసుకుని చూసి ఉంటే ఇదంతా జరిగేది కాదు. పావుగంటలో పని అయిపోయిందన్నారు. బంగారు రంగు అక్షరాలతో "ఫుల్లీ సింథటిక్" అని రాసి ఉన్న డబ్బా ముందువైపు నాకు చూపించారు, నేను తల ఊపాను, డబ్బు ఇచ్చాను. బిల్లు అడిగితే ఒక తెల్ల చీటీ మీద "ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్" అని రాసి ఇచ్చారు. ఏ గ్రేడు, ఏ కంపెనీ, ఎన్ని లీటర్లు అన్నది అందులో ఒక్కటీ లేదు.

ఖాళీ డబ్బాలు మాత్రం అడిగి తెచ్చుకున్నాను. వాటిని దుకాణంలో వదిలేస్తే కల్తీ ఆయిల్ నింపి మళ్ళీ అమ్ముతారని మా నాన్నగారు ఎప్పుడూ చెప్పేవారు, ఆ అలవాటే నన్ను కాపాడింది. రాత్రి ఇంటికి వచ్చాక వరండా దీపం కింద డబ్బా తిప్పి చూశాను. వెనుక చిన్న అక్షరాలలో 5డబ్ల్యూ-40, ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ ప్రమాణం) ఎస్ఎన్/సీఎఫ్, ఏసీఈఏ ఏ3/బీ4 అని ఉంది. సీ2 లేదు, సీ3 లేదు. రెండో డబ్బా మీద కూడా అదే ఉంది. ఒకవేళ చూపు పొరపాటేమోనని మా అబ్బాయి చేత కూడా చదివించాను.

దీనివల్ల ఏమవుతుందో తెలియనివారి కోసం కొంచెం వివరంగా రాస్తాను. ఎందుకంటే "సింథటిక్ అయితే చాలు" అన్న నమ్మకం దగ్గరే మనమందరం మోసపోతున్నాం. బీఎస్6 డీజిల్ కార్లలో చాలావాటికి పొగగొట్టం దారిలో డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. ఇంజిన్ నుంచి వచ్చే మసి అందులో చిక్కుకుంటుంది, బండి కొంతసేపు వేగంగా నడిచినప్పుడు దాదాపు 600 డిగ్రీల వేడిలో ఆ మసి కాలిపోతుంది. అయితే ఇంజిన్‌లో కొద్దికొద్దిగా కాలే ఆయిల్ నుంచి వచ్చే బూడిద మాత్రం కాలదు, అది ఫిల్టర్‌లోనే పేరుకుంటుంది. ఈ బూడిద ఆయిల్‌లో కలిపే కాల్షియం, మెగ్నీషియం, జింక్ వంటి పదార్థాల నుంచి వస్తుంది. అందుకే సీ2, సీ3 ఆయిల్స్‌లో సల్ఫేటెడ్ యాష్ (ఈ బూడిద పాలు) 0.8 శాతం మించకూడదని నియమం పెట్టారు. ఏ3/బీ4 ఆయిల్‌లో అది దాదాపు దానికి రెట్టింపు వరకూ ఉండవచ్చు. సింథటిక్ అన్న మాట మూల తైలం గురించి చెబుతుందే కానీ ఈ బూడిద గురించి ఏమీ చెప్పదు. ఏ3/బీ4 చెడ్డ ఆయిల్ అని నేను అనడం లేదు, డీపీఎఫ్ లేని పాత బండికి అది మంచిదే కావచ్చు. నా బండికి అది పనికిరాదు, ఆ విషయం రాసి ఉన్న పేజీని ఆయనకు నేనే స్వయంగా పంపాను.

ఈ ఉదయం ఆ రెండు డబ్బాలు తీసుకుని దుకాణానికి వెళ్ళాను. గొడవ పెట్టుకుందామని వెళ్ళలేదు, పొరపాటున జరిగి ఉంటుంది, మార్చి ఇస్తారనే అనుకున్నాను. ముందుగా ఆయన "మన బెజవాడ ఎండలకు ముప్ఫై నీళ్ళలా అయిపోతుంది మేడం, నలభై అయితేనే ఇంజిన్ తట్టుకుంటుంది" అన్నారు. ఆ చివరి అంకె 100 డిగ్రీల దగ్గర ఆయిల్ చిక్కదనాన్ని చెప్పేదని, వేడెక్కి నడుస్తున్న ఇంజిన్‌లో ఆయిల్ బయటి ఎండ కంటే ఎంతో ఎక్కువ వేడి మీదే ఉంటుందని, అయినా నేను అడుగుతున్నది అంకె గురించి కాదు సీ3 గురించి అని చెప్పాను. ఫోన్ తీసి ఆయన పంపిన సందేశాన్ని ఆయనకే వినిపించాను. డబ్బా వెనుక ఉన్న అక్షరాల మీద వేలు పెట్టి చూపించాను.

ఆయన డబ్బా వైపు చూడనేలేదు. పక్కన పని చేస్తున్న కుర్రవాళ్ళ వైపు తిరిగి, అందరూ వినేలా, "డబ్బా మీద ఏముంటే ఏంటి మేడం, ఇంజిన్‌కు చదువు వచ్చా?" అన్నారు. వాళ్ళు నవ్వారు. ఆయిల్ మార్పించుకోవడానికి వచ్చిన ఇంకొక పెద్దమనిషి కూడా నవ్వారు. "ఇంట్లో మగవాళ్ళను పంపించండి, మాట్లాడతాను" అని చెప్పి ఆయన లోపలికి వెళ్ళిపోయారు.

పద్నాలుగేళ్ళుగా కారు నడుపుతున్నాను. ఆ గడపలో డబ్బాలు పట్టుకుని నిలబడిన రెండు నిమిషాలు నాకు నోట మాట రాలేదు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్కడే గట్టిగా సమాధానం చెప్పలేకపోయినందుకు ఇప్పటికీ నా మీద నాకే కోపంగా ఉంది.

అక్కడి నుంచి నేరుగా సర్వీస్ సెంటర్‌కు వెళ్ళాను. ఎనభై కిలోమీటర్లు నడిపినంత మాత్రాన ఫిల్టర్‌కు ఏమీ కాదని, అదే ఆయిల్‌తో ఏళ్ళ తరబడి తిరిగి ఉంటే బూడిద నిండి ఫిల్టర్ మార్చాల్సి వచ్చేదని, ఆ ఖర్చు లక్ష దాటుతుందని అక్కడివారు చెప్పారు. పాత ఆయిల్ తీసి, ఆయిల్ ఫిల్టర్ మార్చి, సీ3 అని రాసి ఉన్న డబ్బాను నా కళ్ళెదుటే తెరిచి పోశారు. డిప్‌స్టిక్ తీసి మట్టం ఎంత ఉందో చూపించారు. ఆ పని చేసింది ఇరవై ఏళ్ళ కుర్రవాడు, అడగకుండానే డబ్బా వెనుకవైపు నా వైపు తిప్పి "చూసుకోండి అక్కా" అన్నాడు.

ఇంతకూ మీరు చూడవలసింది ఏమిటంటే, మాన్యువల్‌లో ఉన్న గ్రేడు, దాని పక్కనున్న ఏసీఈఏ లేదా ఏపీఐ అక్షరాలు, ఈ రెండూ డబ్బా వెనుక ఉన్నాయో లేదో సీలు తీయకముందే చదవండి. పెట్రోల్ కారువారికి ఎక్కువగా ఏపీఐ ఎస్‌పీ అని కనిపిస్తుంది, అది 2020లో వచ్చిన ప్రమాణం. పోస్తున్నంతసేపూ బండి దగ్గరే ఉండండి. బిల్లులో ఆయిల్ పేరు, గ్రేడు రాయించుకోండి, రాయనంటే అక్కడి నుంచి వచ్చేయండి. ఖాళీ డబ్బాలు ఇంటికి తెచ్చుకోండి.

నా దగ్గర రెండు డబ్బాలు, తెల్ల చీటీ, ఆయన గొంతుతో ఉన్న సందేశం భద్రంగా ఉన్నాయి. సోమవారం వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తాను. ఆటోనగర్‌లో ఈ మధ్య ఆయిల్ మార్పించుకున్న డీజిల్ కారువారు ఎవరైనా ఉంటే, ఈ రోజే వెళ్ళి మీకు ఏ డబ్బా పోశారో అడగండి.