డ్వాక్రా గ్రూపు లోను: చిన్న బిజినెస్‌కి పనికొస్తుందా? నా రివ్యూ

ముందే చెప్పేస్తా, వడ్డీ విషయంలో దీన్ని కొట్టేది ఇంకోటి లేదు. కానీ ఇది వ్యాపారం చేసుకునేవాళ్ళ కోసం పెట్టిన లోనులా ఉండదు, తలా ఇంత పంచుకునే లోనులా ఉంటది. నేను ఇడ్లీ పిండి, దోశ పిండి రుబ్బి ప్యాకెట్లు అమ్ముతా, తెనాలి పక్కన మా ఊరు. ఆ లెక్కలోంచే రాస్తున్నా.

మాది పదిమంది గ్రూపు. నెలనెలా పొదుపు, మీటింగులు, తీర్మానం, సంతకాలు అన్నీ అయ్యాక లింకేజీ, అంటే గ్రూపుకి బ్యాంకు ఇచ్చే లోను, 3 లక్షలు వచ్చింది. 3 లక్షల దాకా 7 శాతమే వడ్డీ, అంటే నా వాటా 30 వేలకి ఏడాదికి మహా అయితే 2,100, అసలు కట్టేకొద్దీ అదీ తగ్గుద్ది. అదే 30 వేలు బయట మూడు రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి 10,800 అవుద్ది, పిండి అమ్మి ఎంత మిగులుద్దో తెలిసినోళ్ళకి ఆ తేడా ఏంటో నేను చెప్పక్కర్లేదు. ఇక వారం వారం గుమ్మంలోకొచ్చి కూర్చునే మైక్రో ఫైనాన్స్ వాళ్ళ సంగతంటారా, 2010లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చేదాకా వెళ్ళింది వాళ్ళ వసూళ్ళ గొడవ. సున్నా వడ్డీ అని కట్టిన వడ్డీ ప్రభుత్వం తిరిగి వేస్తుంది కదా అంటారు, పావలా వడ్డీ స్కీం రోజుల్నించీ వింటున్న మాటే అది, కానీ ముందు మనం కట్టాలి, తర్వాత అది పడ్డప్పుడు పడ్డట్టు. దాన్ని నమ్ముకుని లెక్కలేసుకోకండి.

ఇప్పుడు అసలు బాధ. రూల్ ప్రకారం ఎవరికి ఏం పనికి ఎంత కావాలో కూర్చుని మైక్రో క్రెడిట్ ప్లాన్ రాసుకోవాలి, దాన్ని బట్టి పంచుకోవాలి. జరిగేదేంటంటే పేపర్ల మీద అందరూ గేదెలు కొంటామనే రాస్తారు, చేతికి మాత్రం అందరికీ సమానంగా 30 వేలు. ఒకామె పిల్లాడి కాలేజీ ఫీజు కట్టుద్ది, ఒకామె పాత అప్పు తీర్చుద్ది, తప్పేం లేదు, వాళ్ళ అవసరం వాళ్ళది. కానీ నాకు పెద్ద గ్రైండర్ కొనేసరికి ఆ డబ్బు అయిపోయింది, పిండి పులిసిపోకుండా పెట్టుకోడానికి ఫ్రిజ్ కావాలి, దానికి ఎక్కడ తేవాలి? పక్కామె వాటా కూడా నువ్వే వాడుకో, వాయిదా నువ్వే కట్టు అంటారు, చాలా గ్రూపుల్లో అలాగే నడుస్తది. నేనైతే వద్దంటా, రేపు ఏదన్నా తేడా వస్తే ఆమె పేరు పాడవుద్ది, స్నేహం పోద్ది.

ఇంకోటి, వాయిదా వెంటనే వచ్చే నెల్నించే మొదలు. గ్రైండర్ వచ్చి, కరెంటు లైన్ సరిచేయించి, నాలుగు కిరాణా షాపులు మన ప్యాకెట్ పెట్టుకునేలోపే మొదటి వాయిదా తయారు. ఎవరన్నా ఒక్కళ్ళు కట్టకపోయినా మిగతా తొమ్మిదిమందీ వాళ్ళింటికెళ్ళి కూర్చోవాల్సిందే.

బ్యాంకు గురించి ఒక్క మాట, పేరు వద్దులెండి. లోను ఇచ్చేముందు మా పొదుపు డబ్బులో కొంత ఎఫ్‌డీ చెయ్యండి అన్నారు. రిజర్వ్ బ్యాంకు రూల్ ఏంటంటే గ్రూపుకి 10 లక్షల దాకా లోనుకి తాకట్టు అడగకూడదు, డిపాజిట్ పెట్టమనకూడదు, సేవింగ్స్ ఖాతాలో డబ్బు ఆపకూడదు. మా యానిమేటర్, అంటే ఊళ్ళో గ్రూపుల లెక్కలు చూసే ఆమె, ఆ సర్క్యులర్ ఫోన్‌లో చూపించాక బ్యాంకు ఫీల్డ్ ఆఫీసర్ గారు ఇంకేం మాట్లాడలా. ఆ రూలు తెలీని గ్రూపులు ఎన్ని ఎఫ్‌డీలు చేసుంటాయో మరి.

తినే వస్తువుల బిజినెస్ అయితే ఇంకోటి కనుక్కోండి, 2020లో కేంద్రం వాళ్ళు చిన్న ఫుడ్ యూనిట్ల కోసం పీఎంఎఫ్‌ఎంఈ అని ఒక స్కీం పెట్టారు. గ్రూపులో ఫుడ్ ప్రాసెసింగ్ చేసే ఒక్కో సభ్యురాలికి సీడ్ క్యాపిటల్, అంటే పనికి పెట్టుబడి డబ్బు, 40 వేల దాకా, చిన్న మెషీన్లకీ సరుక్కీ. విడిగా యూనిట్ పెట్టుకుంటే ఖర్చులో 35 శాతం సబ్సిడీ, 10 లక్షలు మించకుండా, బ్యాంకు లోనుకి ముడిపెట్టి. ఇది సమానంగా పంచేది కాదు, పని చేసేవాళ్ళకే. మండల ఆఫీసులో డ్వాక్రా గ్రూపుల్ని చూసే ఏపీఎం గారిని నేరుగా అడగండి, మనం అడిగితే గానీ చెప్పరు.

వడ్డీకి 5కి 5. వాయిదాలకి 3. బిజినెస్ పెట్టడానికి ఇదొక్కటే చాలుద్దా అంటే 2, గ్రైండర్ కొనడానికైతే హాయిగా తీసుకోండి, ఫ్రిజ్‌కి వేరే దారి చూసుకోండి.